కుష్ఠువ్యాధి చికిత్స పర్యవేక్షణలో రక్త యాంటీబాడీ పరీక్షలు

కుష్ఠువ్యాధికి మందులు వాడుతున్న మనిషి ఒంట్లో బ్యాక్టీరియా భారం ఏ మేరకు తగ్గుతోందో రక్తంలోని యాంటీబాడీలను కొలిచి అంచనా వేసే పద్ధతులివి. వీటిలో ఎక్కువగా అధ్యయనం చేసింది పీజీఎల్-1 అనే పదార్థానికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీని. మైకోబ్యాక్టీరియం లెప్రే పైపొరలో ఉండే ఈ పీజీఎల్-1 చక్కెర గొలుసు తగిలించుకున్న ఒక కొవ్వు. 1980ల తొలి సంవత్సరాల నుంచి పరిశోధన సాగుతున్నా, చికిత్సను గమనించడానికి ఈ పరీక్షలు నేటికీ పరిశోధనశాలలనూ కొన్ని ప్రత్యేక కేంద్రాలనూ దాటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరకు రాలేదు. మందుల కోర్సు ముగిసే రోజున రోగి "నాకు పూర్తిగా నయమైందా?" అని అడిగితే ఇవి జవాబు చెప్పలేవు. కోర్సు ముగిశాక ఎవరిని కొన్నేళ్ళపాటు వదలకుండా గమనించాలో మాత్రం చెప్పగలవు. వీటి అసలు ఉపయోగం అక్కడే ఉంది.

ఈ అవసరం ఎందుకు వచ్చింది

నార్వేలోని బెర్గెన్ పట్టణంలో గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ ఈ బ్యాక్టీరియాను 1873లో గుర్తించాడు. అప్పటి నుంచి ఇప్పటివరకు దాన్ని ప్రయోగశాలలో కృత్రిమ ఆహారం మీద పెంచడం ఎవరివల్లా కాలేదు. క్షయ రోగి కఫాన్ని కల్చర్‌కు పంపి మందు పనిచేస్తోందో లేదో తెలుసుకుంటారు. కుష్ఠులో ఆ దారి లేదు. 1960లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ షెపర్డ్ ఎలుక అరికాలి మెత్తలో దీన్ని పెంచి చూపించాక, మందుకు లొంగుతున్న బ్యాక్టీరియాను లొంగనిదాని నుంచి వేరుచేయడం సాధ్యమైంది. కానీ ఇది ఒకటి రెండు కావడానికే దాదాపు 12 నుంచి 14 రోజులు పడుతుంది. అందువల్ల ఎలుక పరీక్ష ఫలితం కోసం నెలల తరబడి ఆగాలి.

ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా ఆధారపడింది చర్మం గాటు పరీక్ష మీద. దీన్నే స్కిన్ స్మియర్ అంటారు. చెవి తమ్మెను, కనుబొమ పైభాగాన్ని, మచ్చ అంచును రెండు వేళ్ళతో రక్తం పక్కకు పోయేలా నొక్కిపట్టి, బ్లేడుతో చిన్న గాటు పెట్టి, లోపల గీకగా వచ్చిన రసాన్ని గాజు పలక మీద పూసి రంగు వేసి చూస్తారు. కనిపించిన బ్యాక్టీరియా సంఖ్యను బట్టి 0 నుంచి 6 వరకు గుర్తు వేస్తారు. అదే బ్యాక్టీరియల్ ఇండెక్స్, వాడుకలో బీఐ. ఇది ఒక్కో మెట్టుకు పదింతలుగా పెరిగే కొలమానం. బీఐ 6 అంటే సూక్ష్మదర్శినిలో ఒక్క దృశ్యంలోనే వెయ్యికి పైగా బ్యాక్టీరియా కనిపించినట్టు. చికిత్సలో ఇది ఏడాదికి ఒక మెట్టు, కొందరిలో అంతకంటే తక్కువే దిగుతుంది.

ఈ పరీక్ష మంచిదే, కానీ చేసే చేతిని బట్టి ఫలితం మారుతుంది. గాటు లోతు తక్కువైనా, రంగు సరిగా పట్టకపోయినా అంకె తప్పుతుంది. మచ్చలు ఐదు వరకు ఉంటే పాసీబాసిలరీ, ఆరు అంతకు మించితే మల్టీబాసిలరీ అని లెక్కపెట్టి మందులిచ్చే పద్ధతి స్థిరపడ్డాక క్షేత్రస్థాయిలో స్మియర్ చేయడం తగ్గిపోయింది. ప్రత్యేక కుష్ఠు కేంద్రాల పని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిసిపోయాక, ఆ పనిలో ఆరితేరిన ల్యాబ్ టెక్నీషియన్లు ఒక్కొక్కరే పదవీ విరమణ చేశారు. వారి స్థానాలు చాలాచోట్ల నిండలేదు. ఇది పెద్ద నష్టం. రక్తపరీక్ష మీద ఇంత ఆశ పెట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. సూదితో తీసిన కొద్దిపాటి రక్తం, అవసరమైతే వేలి చివర నుంచి పిండిన చుక్క, చెవికి పెట్టే గాటు కంటే రోగికి ఎంతో తేలిక.

పీజీఎల్-1 దొరికిన తీరు

బ్యాక్టీరియా ఎక్కువగా ఉండే లెప్రమాటస్ రకం కుష్ఠు రోగుల రక్తంలో యాంటీబాడీలు విపరీతంగా ఉంటాయని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. సిఫిలిస్ లేకపోయినా ఆ పరీక్షల్లో వీరికి తప్పుడు పాజిటివ్ రావడం పాత వైద్య గ్రంథాల్లో మామూలు ప్రస్తావనే. అయితే ఆ యాంటీబాడీల్లో చాలావాటికి క్షయ బ్యాక్టీరియా, మట్టిలో నీటిలో బతికే దాని దాయాదులు కూడా తగులుకుంటాయి. కుష్ఠుకు మాత్రమే చెందిన లక్ష్యం ఒకటి కావలసి వచ్చింది.

దానికి దారి చూపింది ఆర్మడిల్లో అనే అమెరికా జంతువు. ఒంటి మీద పెంకు ఉండే ఈ జంతువు శరీర ఉష్ణోగ్రత తక్కువ కాబట్టి, చల్లని చోట్లను ఇష్టపడే మైకోబ్యాక్టీరియం లెప్రే దాని కాలేయంలో విస్తారంగా పెరుగుతుందని 1971లో కిర్ష్‌హైమర్, స్టోర్స్ చూపించారు. పరిశోధనకు సరిపడా బ్యాక్టీరియా మొదటిసారి చేతికొచ్చింది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ బ్రెన్నన్ బృందం ఆ కణజాలం నుంచి పీజీఎల్-1ను వేరుచేసి, 1980ల ఆరంభంలో దాని నిర్మాణాన్ని విప్పింది. దాని కొసన మూడు చక్కెరల గొలుసు ఒకటి ఉంది. ఆ కూర్పు మరే మైకోబ్యాక్టీరియాలోనూ కనబడలేదు. యాంటీబాడీలు ముఖ్యంగా పట్టుకునేది ఆ కొసనే. దాంతో రసాయన శాస్త్రవేత్తలు చివరి రెండు లేదా మూడు చక్కెరలను కృత్రిమంగా తయారుచేసి ప్రోటీన్‌కు అతికించారు. ఇక ఆర్మడిల్లోల మీద ఆధారపడకుండా పరీక్షలు చేసుకోగలిగారు.

నరాల లోపల ష్వాన్ కణాల చుట్టూ ఉండే లామినిన్ అనే ప్రోటీన్‌కు పీజీఎల్-1 అతుక్కుంటుందని 2000లో తేలింది. బ్యాక్టీరియా నరంలోకి చొరబడడానికి సాయపడే అణువుకు ఎదురుగా వచ్చిన యాంటీబాడీనే మనం రక్తంలో కొలుస్తున్నామన్నమాట.

కుష్ఠు బ్యాక్టీరియా జన్యుక్రమం 2001లో వెలువడింది. అందుకు వాడిన రకం తమిళనాడు రోగి నుంచి వచ్చింది, దాన్ని టీఎన్ స్ట్రెయిన్ అంటారు. ఆ జన్యుపటం ఆధారంగా కుష్ఠుకే ప్రత్యేకమైన ప్రోటీన్లను వెతికి, రెండింటిని కలిపి లిడ్-1 అనే సంకర ప్రోటీన్ తయారుచేశారు. దానికి పీజీఎల్-1 చక్కెర కొసను జోడించిందే ఎన్‌డీఓ-లిడ్. చక్కెరకు ఐజీఎం, ప్రోటీన్‌కు ఐజీజీ స్పందిస్తాయి కాబట్టి రెండు రకాల యాంటీబాడీలనూ ఒకేసారి పట్టవచ్చని దీని వెనుక ఆలోచన.

మన దేశంలోనూ ఈ దిశగా తొలి అడుగులు పడ్డాయి. పీజీఎల్-1 పేరు ఇంకా అంతగా వ్యాపించకముందే, 1983లో ఆగ్రాలోని జాల్మా సంస్థకు చెందిన ఉత్పల్ సేన్‌గుప్తా తదితరులు లండన్ శాస్త్రవేత్తలతో కలిసి ఒక పోటీ పద్ధతి పరీక్షను ప్రకటించారు. కుష్ఠు బ్యాక్టీరియాలోని ఒక గుర్తుకు మోనోక్లోనల్ యాంటీబాడీ అంటుకోకుండా రోగి సీరం ఎంతవరకు అడ్డుపడుతుందో అందులో చూస్తారు.

ఎవరిలో ఎంత

1966లో రిడ్లీ, జోప్లింగ్ ఈ వ్యాధిని ఒక వరుసగా అమర్చారు. ఒక కొసన ట్యూబర్కులాయిడ్ రకం. అక్కడ రోగి కణజాల రక్షణ బలంగా ఉంటుంది, మచ్చలు ఒకటో రెండో, బ్యాక్టీరియా దాదాపు కనబడదు. మరో కొసన లెప్రమాటస్ రకం. అక్కడ ఆ రక్షణ చతికిలబడి, బ్యాక్టీరియా చర్మమంతా నిండిపోతుంది. మిగిలిన మూడు మెట్లు ఈ రెండింటి మధ్య.

యాంటీబాడీలు ఎక్కువగా ఉండేది బలహీనమైన కొసన. ఇక్కడే చాలామంది పొరపడతారు. కోవిడ్ రోజుల్లో యాంటీబాడీ అంటే రక్షణ అని అందరికీ అలవాటైంది. కుష్ఠులో అలా కాదు. బ్యాక్టీరియా కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి యాంటీబాడీ దాన్ని చంపలేదు. లోపల ఎంత బ్యాక్టీరియా పదార్థం పేరుకుందో చెప్పే గుర్తుగా మాత్రమే అది పనికొస్తుంది. లెప్రమాటస్ రోగుల్లో అత్యధికులకు పీజీఎల్-1 పరీక్ష పాజిటివ్ వస్తుంది, ట్యూబర్కులాయిడ్ కొసన ఉన్నవారిలో కొద్దిమందికే. అందుకే ఒకటి రెండు స్పర్శ లేని మచ్చలున్న మనిషికి రక్తపరీక్ష నెగటివ్ వచ్చిందని కుష్ఠు లేదనుకోవడం ప్రమాదకరం. అలాంటివారి చికిత్సను ఈ పరీక్షతో గమనించడానికీ వీల్లేదు. మొదటే అంకె లేనిచోట తగ్గుదలను ఏం కొలుస్తాం?

పరీక్ష చేసే విధం

ప్రయోగశాలలో వాడేది ఎలైజా. ప్లాస్టిక్ పలకలోని చిన్న గుంటల అడుగున కృత్రిమ పీజీఎల్-1 కొసను పూస్తారు. రోగి సీరాన్ని పలుచన చేసి పోస్తారు. అందులో తగిన యాంటీబాడీ ఉంటే అంటుకుంటుంది, అంటుకోనిది కడిగితే పోతుంది. మానవ ఐజీఎంను పట్టే ఎంజైము జోడించిన మరో యాంటీబాడీ పోసి, రంగు వచ్చే రసాయనం కలిపితే, రంగు చిక్కదనమే కొలత అవుతుంది. ఎక్కడి నుంచి పాజిటివ్ అనుకోవాలో అదే ప్రాంతంలోని ఆరోగ్యవంతుల సీరాలతో పోల్చి గీత గీస్తారు. కుష్ఠు ఉన్న ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ కొద్దిమందికి ఈ యాంటీబాడీ ఉంటుంది కాబట్టి ఈ పోలిక తప్పనిసరి.

జపాన్‌లో జెలటిన్ రేణువులు గుంపుకట్టే పద్ధతితో మరో పరీక్ష వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రాయల్ ట్రాపికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సమీరా బ్యూరర్-సెకులా బృందం ముందు డిప్‌స్టిక్, తర్వాత ఎంఎల్ ఫ్లో అనే పట్టీ పరీక్ష రూపొందించింది. రక్తం చుక్క వేస్తే కొద్ది నిమిషాల్లో గీత పడుతుంది, ఫ్రిజ్ అక్కర్లేదు. చికిత్సను గమనించడానికి మాత్రం పట్టీ చాలదు. గీత పడిందా లేదా అన్నదే అది చెబుతుంది, నిన్నటికీ ఈ రోజుకీ తేడా ఎంతో చెప్పదు. పర్యవేక్షణకు కావలసింది అంకె. అదీ ఒక్క అంకె కాదు, వరస. మొదటి రోజు తీసిన సీరాన్ని గడ్డకట్టించి దాచి, ఏడాది తర్వాత తీసినదాన్ని అదే పలకలో దాని పక్కనే పెట్టి చూడాలి. వేర్వేరు రోజుల్లో వేర్వేరు పలకల మీద వచ్చిన అంకెలను పోల్చి రోగం తగ్గిందనో ముదిరిందనో చెప్పడం సరికాదు.

చికిత్సలో అంకెలు కదిలే తీరు

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయన బృందం సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సే, అంటే ఎండీటీయే, నేటికీ ఆధారం. మల్టీబాసిలరీ రోగికి నెలకోసారి 600 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్, రోజూ 100 మిల్లీగ్రాముల డాప్సోన్, రోజూ 50, నెలకోసారి 300 మిల్లీగ్రాముల క్లోఫాజిమిన్. మొదట 24 నెలలున్న ఈ కోర్సు 1990ల చివర 12 నెలలకు కుదిరింది. రిఫాంపిసిన్ చాలా పదునైన మందు. తొలి మోతాదులతోనే బతికున్న బ్యాక్టీరియాలో అత్యధిక భాగం చచ్చిపోతుంది, రోగి నుంచి ఇతరులకు అంటే అవకాశం ఇంచుమించు పోతుంది.

మరి యాంటీబాడీ కూడా అంత వేగంగా పడిపోవాలి కదా? పడదు. నెలలు, ఏళ్ళ మీద మెల్లగా దిగుతుంది. కొన్ని అధ్యయనాల్లో తగ్గుదల ఏడాదికి సుమారు నాలుగో వంతు. మొదట ఎంత ఎత్తున ఉంటే కిందికి రావడానికి అంత కాలం పడుతుంది. బీఐ 5, 6 ఉన్న లెప్రమాటస్ రోగి 12 నెలల మందులు ముగించిన నాటికి పరీక్ష ఇంకా పాజిటివ్‌గానే ఉంటే అందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు.

దీనికి కారణం యాంటీబాడీలో లేదు, బ్యాక్టీరియా శవాల్లో ఉంది. ఐజీఎం అణువు రక్తంలో నిలిచేది తక్కువ. దాదాపు 5 రోజుల్లో సగం కరిగిపోతుంది. ఏడాది తర్వాత కూడా అది కనబడుతోందంటే పాతది మిగిలిందని కాదు, కొత్తది తయారవుతూనే ఉందని అర్థం. చచ్చిన బ్యాక్టీరియా మైనపు పెంకును శరీరం త్వరగా అరిగించుకోలేదు. పీజీఎల్-1 కణజాలంలో ఏళ్ళ తరబడి మిగిలి, రోగనిరోధక వ్యవస్థను తట్టుతూనే ఉంటుంది. స్మియర్‌లో బీఐ మెల్లగా దిగడానికీ కారణం ఇదే. కాబట్టి ఈ పరీక్ష చెప్పేది మిగిలిన సరుకు ఎంతో మాత్రమే. అందులో ప్రాణమున్నదెంతో చెప్పదు.

రక్తంలో యాంటీబాడీకి బదులు పీజీఎల్-1 అణువునే నేరుగా వెతికితే కథ వేరుగా ఉంటుంది. చికిత్స మొదలైన మొదటి నెలలోనే దాని మోతాదు బాగా పడిపోతుందని 2001లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మందు పనిచేస్తోందా అన్న తక్షణ ప్రశ్నకు ఇది సరైన జవాబు. కానీ కొవ్వు అణువును రక్తం నుంచి వేరుచేసి కొలవడం శ్రమతో కూడిన పని, మామూలు ఆసుపత్రి ల్యాబులో సాగేది కాదు. అందుకే చర్చ మళ్ళీ యాంటీబాడీ దగ్గరికే వస్తుంది.

సమూహాల స్థాయిలో ఈ పరీక్ష తన విలువను నిరూపించుకుంది. మల్టీబాసిలరీ రోగులకు 12 నెలలకు బదులు 6 నెలల మందులే చాలునా అని బ్రెజిల్‌లో పెద్ద క్లినికల్ ట్రయల్ జరిపారు. ఆ రోగుల యాంటీబాడీలను చికిత్స సమయంలోనూ ఆ తర్వాతా కొలిచి 2018లో ఫలితాలు ప్రచురించారు. రెండు వర్గాల్లోనూ అంకెలు తగ్గాయి. ఒక్క రోగి విషయంలో మసకగా కనిపించే సంకేతం, వందలమందిని వరుసగా పెట్టి చూస్తే స్పష్టంగా కనబడుతుంది.

మందులు ముగిశాక

కోర్సు పూర్తయిన రోజున రోగి పేరు చికిత్స జాబితా నుంచి తొలగిపోతుంది. ప్రభుత్వ లెక్కల్లో అతను నయమైన మనిషి. కానీ ఈ వ్యాధిలో చాలా కష్టాలు ఆ రోజు తర్వాతే మొదలవుతాయి. ఈ విషయంలో మన వ్యవస్థ ఇంకా కళ్ళు తెరవాలి.

మొదటిది రియాక్షన్. మిగిలిన బ్యాక్టీరియా పదార్థం మీద రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా విరుచుకుపడితే మచ్చలు ఎర్రగా ఉబ్బుతాయి, నరాలు వాస్తాయి. సకాలంలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టకపోతే చేతివేళ్ళు వంకర పోవడం, పాదం వాలిపోవడం, కనురెప్ప మూతపడకపోవడం మిగులుతాయి. రెండో రకం రియాక్షన్‌లో జ్వరంతో పాటు ఒళ్ళంతా నొప్పిగల గడ్డలు లేస్తాయి. దీన్ని ఈఎన్‌ఎల్ అంటారు. ఇది తగ్గుతూ మళ్ళీ వస్తూ ఏళ్ళపాటు వేధించగలదు. హైదరాబాద్‌లో 11 ఏళ్ళపాటు రోగులను గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, లెప్రమాటస్ రోగుల్లో దాదాపు సగంమందికి ఈఎన్‌ఎల్ వచ్చినట్టు తేలింది. బీఐ ఎక్కువున్నవారికే ముప్పు ఎక్కువ. ఈ వివరాలు ఇంత స్పష్టంగా లోకానికి అందాయంటే, అందుకు తమ ఒళ్ళు చూపించడానికి ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి వచ్చిన ఆ రోగులే కారణం.

చికిత్స ముగిసే నాటికి యాంటీబాడీ పాజిటివ్‌గా ఉన్నవారికి ఆ తర్వాత రియాక్షన్లు వచ్చే అవకాశం ఎక్కువని బ్రెజిల్‌లో 2008లో వెలువడిన పరిశీలన చెప్పింది. చికిత్స ముగిసేనాటి అంకె ఈ విధంగా పనికొస్తుంది. అలాంటి రోగికి మందులు పొడిగించనక్కర్లేదు. "కొత్తగా తిమ్మిరి, నొప్పి, బలహీనత అనిపిస్తే ఆ వారంలోనే రండి" అని గట్టిగా చెప్పి, మూడు నెలలకోసారి నరాలు తడిమి చూస్తే చాలు.

రెండోది తిరగబెట్టడం. ఎండీటీ తర్వాత ఇది అరుదు. అరుదే అయినా అది అందరికీ సమానంగా రాదు. మాలి రాజధాని బమాకోలోని మార్షూ సంస్థ, మన ఆగ్రాలోని జాల్మా తమ రోగులను గమనించినప్పుడు, మొదట్లో బీఐ 4, అంతకు మించి ఉన్నవారిలో తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అదీ చాలావరకు కొన్నేళ్ళు గడిచాకే. ఇలాంటివారిలో యాంటీబాడీ దిగుతూ దిగుతూ వచ్చి మళ్ళీ ఎక్కడం మొదలుపెడితే అది హెచ్చరిక. అప్పుడు స్మియర్ చేసి, అవసరమైతే చర్మం ముక్క తీసి పీసీఆర్‌కు పంపి, రిఫాంపిసిన్‌కు లొంగని రకమేమో జన్యు పరీక్షతో చూడాలి. అంకె ఒక్కటే పెరిగిందని మందులు మళ్ళీ మొదలుపెట్టడం తగదు.

కోర్సు తర్వాత హఠాత్తుగా ఎర్రబడిన మచ్చ రియాక్షనా, తిరగబెట్టడమా అన్నది అనుభవమున్న వైద్యులనూ ఇబ్బంది పెట్టే ప్రశ్న. రియాక్షన్ సాధారణంగా త్వరగా వచ్చి స్టెరాయిడ్లకు లొంగుతుంది. తిరగబెట్టడం నింపాదిగా వస్తుంది, కొత్తచోట్ల మచ్చలు వేస్తుంది, బీఐని పెంచుతుంది. ఈ రోగి పాత సీరం ఏ ఫ్రీజర్‌లోనో ఉంటే కొత్తదానితో పోల్చి తేల్చుకోవడం సులువవుతుంది. చాలా సందర్భాల్లో అది ఉండదు.

కుటుంబ సభ్యుల సంగతి

రోగి ఇంట్లోవారిలో యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవారికి తర్వాత వ్యాధి వచ్చే ముప్పు నెగటివ్ వచ్చినవారికంటే కొన్ని రెట్లు ఎక్కువ అని ఫిలిప్పీన్స్‌తో సహా పలు దేశాల్లో చూశారు. అయినా పాజిటివ్ వచ్చినవారిలో అత్యధికులకు ఎన్నటికీ వ్యాధి రాదు. ఈ రెండో మాట చెప్పకుండా మొదటి మాట ఒక్కటే చెబితే పెళ్ళి కావలసిన పిల్లల బతుకుల మీద దాని నీడ పడుతుంది. బ్రెజిల్ ఇటీవలి సంవత్సరాల్లో రోగి సన్నిహితుల పరిశీలనకు పట్టీ పరీక్షను తన ప్రజారోగ్య వ్యవస్థలో చేర్చుకుంది. పరీక్ష లేకుండానే సన్నిహితులకు ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. భారతదేశం కూడా దాన్ని అనుసరిస్తోంది.

ప్రస్తుత స్థితి

అదే 2018 మార్గదర్శకాలు కుష్ఠు నిర్ధారణకు మామూలు పద్ధతులకు అదనంగా ఏ పరీక్షనూ సిఫారసు చేయలేదు. స్పర్శ లేని మచ్చ, ఉబ్బిన నరం, స్మియర్‌లో బ్యాక్టీరియా, ఇవే ఇంకా ఆధారాలు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే రోగుల్లో సగానికి పైగా భారతదేశంలోనివారే. 2005 డిసెంబరు నాటికి దేశవ్యాప్తంగా పదివేల మందికి ఒకరికంటే తక్కువ స్థాయికి వ్యాధి దిగినట్టు ప్రకటించినప్పటికీ ఏటా లక్ష అటూఇటూగా కొత్త రోగులు నమోదవుతున్నారు. ఎండీటీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. యాంటీబాడీ పరీక్ష కోసం రోగి ప్రైవేటు ల్యాబుల చుట్టూ తిరగనక్కర్లేదు, పరీక్ష చేయించలేదని చికిత్సలో లోటూ రాదు.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో అన్నెమీకె గెలుక్ బృందం వేలి చుక్క రక్తంతో పీజీఎల్-1 యాంటీబాడీతో పాటు వాపును సూచించే మరికొన్ని ప్రోటీన్లనూ ఒకే పట్టీ మీద అంకెల్లో కొలిచే సాధనాన్ని రూపొందించింది. యాంటీబాడీ బ్యాక్టీరియా భారాన్ని చెబితే, మిగిలినవి రియాక్షన్ రేగుతోందో లేదో చెప్పాలన్నది లక్ష్యం. ట్యూబర్కులాయిడ్ కొసన ఉన్న రోగులకూ ఇది పనికొస్తుందన్న ఆశ ఉంది, ఎందుకంటే వారిలో యాంటీబాడీ లేకపోయినా కణజాల స్పందన ఉంటుంది. చచ్చిన బ్యాక్టీరియాను బతికినదాని నుంచి వేరుచేయడానికి చర్మం ముక్కలోని ఆర్‌ఎన్‌ఏను కొలిచే పద్ధతులు మరోపక్క సాగుతున్నాయి. చచ్చినదాన్నీ బతికినదాన్నీ వేరుచేసే ఆ పనిని రక్తంతో చేయగల పరీక్ష ఇంతవరకు రాలేదు. అది వచ్చేదాకా, బీఐ ఎక్కువగా ఉన్న ప్రతి రోగికీ మందులు మొదలుపెట్టే రోజునే ఒక గొట్టం సీరం తీసి భద్రపరచడం జిల్లా ఆసుపత్రి స్థాయిలో ఇప్పుడే చేయగలిగిన పని.